లేడీ మాండెగ్రీన్ ఎవరంటే
డిక్టేషన్ పేపర్లు దిద్దేటప్పుడు కొన్ని తప్పుల మీద ఎర్ర ఇంకు పెట్టబుద్ధి కాదు నాకు. కడపలో మా ట్యూషన్ పిల్లలకు 'ఫర్ ఆల్ ఇంటెంట్స్ అండ్ పర్పసెస్' (అంటే దాదాపు అన్ని విధాలా అని) చెప్తే, ఏడు రోడ్ల వైపు నుంచి వచ్చే ఓ పాప 'ఫర్ ఆల్ ఇంటెన్సివ్ పర్పసెస్' అని రాసింది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. ఎందుకిట్ల రాసినావమ్మా అంటే, "ఇంటెన్సివ్ అంటే గట్టిగా కదా సార్, గట్టి పని కోసమని" అనింది. ఎంత సబబుగా ఉందో చూడండి! ఇంగ్లీషే ఇంటిభాషగా పెరిగినోళ్లు కూడా అచ్చం ఇట్లే రాస్తుంటారు.

మాట్లాడేటప్పుడు పదాల మధ్య ఖాళీలుండవు, అవి కాగితం మీదే. ఎక్కడ తుంచాలో చెవే తేల్చుకోవాల. 'ఐస్ క్రీమ్', 'ఐ స్క్రీమ్' ఒకటే మాదిరి వినబడేది అందుకే. పాతకాలంలో 'ఎ న్యాప్రన్' అనేదాన్ని జనం 'యాన్ ఏప్రన్' అని విన్నారు. ఇప్పుడు డిక్షనరీలో నిలిచింది ఆ విన్న మాటే!

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది సిల్వియా రైట్ సంగతి. ఈ అమెరికన్ రచయిత్రికి చిన్నప్పుడు వాళ్లమ్మ ఓ స్కాట్లండ్ గాథ చదివి వినిపించేది. దొరను చంపి 'లెయిడ్ హిమ్ ఆన్ ద గ్రీన్', అంటే పచ్చిక మీద పడుకోబెట్టినారని. ఆ పిల్లకు మాత్రం 'లేడీ మాండెగ్రీన్' అని వినబడింది. దొరతోపాటు ప్రాణాలిచ్చిన దొరసాని అనుకునింది పాపం. 1954లో ఆమె ఈ సంగతి వ్యాసంగా రాసినాక, ఇట్లా పొరపాటుగా వినబడే మాటలకు 'మాండెగ్రీన్' అనే పేరే స్థిరపడింది.

మీ ఇండ్లల్లో పిల్లలు ఇట్ల విన్నవి ఏమన్నా ఉంటే కింద రాయండబ్బా, క్లాసులో చదివి వినిపిస్తా.