వాల్వు రేడియో వేడెక్కేలోపు

ఈ ఉదయం అటక మీది పాత రేడియోను దించి దుమ్ము దులుపుతుంటే, స్విచ్ వేశాక డయలు వెనుక దీపం వెలిగి, లోపలి వాల్వులనే గాజు గొట్టాలు వేడెక్కి గొంతు పలికేదాకా కొంగుతో దాన్ని తుడుస్తూ నిలబడే అమ్మమ్మ గుర్తుకు వచ్చింది. 1938లో మొదలైన ఆకాశవాణి మద్రాసు కేంద్రం, 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ కేంద్రం ఆమె సంగీత పాఠశాలలు. అప్పట్లో చాలా కచేరీలు ప్రత్యక్ష ప్రసారాలే కనుక, విద్వాంసుడు రాగాలాపన, కీర్తన, స్వరకల్పన అన్నింటినీ గడియారపు ముల్లుకు లోబడి ముగించవలసి వచ్చేది. మధ్యలో దగ్గు వచ్చినా అది శ్రోతకు చేరేది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు స్వరపరచిన లలిత గీతాలు, బాలమురళీకృష్ణగారి భక్తిగీతాల కార్యక్రమం భక్తిరంజని ఆమెకు ప్రాణం. కచేరీ వస్తే వంట చేస్తూనే తాళం వేసేది. లలిత గీతమైతే మాత్రం, పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదిలేది కాదు.