పార్వోనా కాదా తేల్చడం: కిట్‌లో గీత ఒక్కటే చాలదు

ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు కుక్కపిల్ల తిండి ముట్టకుండా, వాంతులు చేసుకుంటూ వస్తే, వేరే కారణం రుజువయ్యేదాకా దాన్ని పార్వో (పేగులను దెబ్బతీసే అంటు వైరస్ జబ్బు) కిందే లెక్కవేస్తాను. మిగతా కుక్కలు కూర్చున్న చోటికి రానివ్వను, నేల మీద దించనివ్వను. నెత్తురు విరేచనం కనపడితేనే పార్వో అనుకునేవాళ్లు చాలామంది. మొదటిరోజు అసలు విరేచనమే ఉండకపోవచ్చు. నీరసం, జ్వరం, పసుప్పచ్చ నురగ వాంతి, అంతే. నెత్తురు తర్వాత ఒకటి రెండు రోజుల్లో పడుతుంది, కొన్నిటికి పడనే పడదు. వాసన పట్టి చెప్పేయొచ్చనే మాట కూడా నేను నమ్మను. కొంకిపురుగులు ముదిరిన పిల్ల విరేచనం కూడా అలాగే కంపు కొడుతుంది.

చెయ్యి వేసేముందు టీకా పుస్తకం అడుగుతాను. “అన్నీ వేయించామండీ” అన్న మాట సరిపోదు. ఏ టీకా, ఎన్నో డోసు, ఏ తేదీ అన్నది స్టిక్కర్ చూసి రాసుకోవాలి. రేబిస్ సూది ఒక్కటే వేయించి పని అయిపోయిందనుకునే ఇళ్లు ఉన్నాయి. 45వ రోజున ఒక్క సూదితో ఆపేసిన పిల్లకూ పూర్తి రక్షణ లేనట్టే. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు టీకాను పనిచేయనివ్వవు, అందుకే 16 వారాలు నిండేదాకా రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తూ పోవాలి. తేదీ అడగడానికి ఇంకో కారణం ఉంది, కిట్ దగ్గర చెబుతాను. పిల్లను ఎప్పుడు తెచ్చారన్నది కూడా ముఖ్యమే. వైరస్ అంటుకున్నాక లక్షణాలు బయటపడటానికి మామూలుగా 3–7 రోజులు, ఒక్కోసారి 14 దాకా పడుతుంది. తెచ్చిన మూడోరోజే పడకేసిందంటే దాదాపుగా అది కొన్నచోటే అంటుకుంది. ఎండాకాలమైతే మామిడి టెంక మింగిందా, ఏ కాలమైనా ఎలుకల మందు తిన్నదా అని కూడా అడగాల్సిందే.

తర్వాత ఒళ్లు చూడటం. మలద్వారంలో థర్మామీటర్ పెడితే 103 నుంచి 105 ఫారన్‌హీట్ ఉండొచ్చు. 99 కన్నా దిగిందంటే షాక్‌లోకి జారుతోందని అర్థం, అప్పుడు పరీక్షలు ఆపి ముందు సెలైన్ ఎక్కించాలి. చిగురు నొక్కి వదిలితే రంగు రెండు సెకన్లలో తిరిగిరావాలి. పొట్ట తడిమినప్పుడు రబ్బరు గొట్టంలా గట్టిగా ఏదైనా తగిలితే పేగులో పేగు దూరిందేమోనని అల్ట్రాసౌండ్ చేయిస్తాను. ఇది పార్వో వల్ల కూడా వస్తుంది కాబట్టి, అది దొరికిందని పార్వోను కొట్టేయకూడదు.

ఇక కిట్, అంటే మలంలో వైరస్ ఉందేమో గీతలతో చూపే స్ట్రిప్ పరీక్ష. ఫ్రిజ్‌లో నుంచి తీసిన పౌచ్‌ను వెంటనే చింపితే స్ట్రిప్ మీద చెమ్మ పడుతుంది. 15–20 నిమిషాలు గది వేడికి రానిచ్చాకే తెరవాలి. నేల మీది మలం వద్దు, అందులో ఫినాయిల్ కలిసి ఉండొచ్చు. స్వాబ్‌ను నేరుగా మలద్వారంలో రెండు సెంటీమీటర్ల లోపలికి పెట్టి తిప్పి తీయాలి. దూది మీద పలచగా పూత పడితే చాలు. ముద్దగా వచ్చిందని సంబరపడి అంతా కలిపేస్తేనే తంటా, స్ట్రిప్ పొర మూసుకుపోయి ద్రవం ముందుకు పాకదు. ద్రావణంలో స్వాబ్‌ను పది పదిహేనుసార్లు తిప్పి, ట్యూబ్ గోడకు నొక్కి పిండి, ఒక నిమిషం మడ్డి కిందికి దిగనివ్వాలి. పైన తేరిన ద్రవం మాత్రమే చుక్క చుక్కగా, ఆ కంపెనీ కాగితంలో చెప్పినన్ని చుక్కలే, సాధారణంగా మూడు నాలుగు, వేయాలి. 5–10 నిమిషాల్లో చదవాలి. పక్కన పెట్టి మర్చిపోయి అరగంటకు చూసినప్పుడు కనపడే సన్నగీతకు విలువ లేదు. ‘సి’ (కంట్రోల్) దగ్గర గీత రాకపోతే ఆ స్ట్రిప్ పనికిరానట్టే, ‘టి’ (టెస్ట్) దగ్గర ఏమున్నా సరే. టైములోపల ‘టి’ గీత ఎంత పలచగా వచ్చినా పాజిటివే.

దీనికి ఒక్కటే మినహాయింపు. లైవ్ టీకా (బలం తగ్గించిన బతికున్న వైరస్‌తో చేసినది) వేసిన తర్వాత సుమారు 4 నుంచి 10 రోజుల మధ్య టీకా వైరస్సే మలంలో పడి పలచటి గీత తెప్పించొచ్చు. అలాగని టీకా వేసిన ఆరోరోజు పిల్ల కుప్పకూలి, తెల్లకణాలు పడిపోయి ఉంటే ఆ గీతను టీకా మీదికి నెట్టేయను. అంటుకున్నాక వేసిన టీకా జబ్బును ఆపదు.

పాజిటివ్ కన్నా నెగిటివ్‌తోనే ఎక్కువ చిక్కు. వైరస్ మలంలో పడటం అంటుకున్న 3–4 రోజులకు మొదలై, కొద్దిరోజులు జోరుగా సాగి తగ్గిపోతుంది. మరీ ముందుగా చేసినా, వారం దాటాక చేసినా కిట్‌కు దొరక్కపోవచ్చు. జబ్బు నడిమధ్యలో పేగులోకి వచ్చిన యాంటీబాడీలు వైరస్‌ను కప్పేస్తాయి, నీళ్ల విరేచనం నమూనాను పలచబరుస్తుంది. కాబట్టి లక్షణాలున్న పిల్లలో నెగిటివ్ వస్తే 24–48 గంటల్లో మళ్లీ చేస్తాను. ఈలోపు వైద్యం పార్వో అన్నట్టే సాగుతుంది. “నెగిటివ్ వచ్చింది కదా డాక్టరు గారూ, ఇంటికి తీసుకెళ్తాం” అన్నప్పుడు ఓపిగ్గా చెప్పాల్సిన మాట ఇదే.

ఆ రెండో స్ట్రిప్ దాకా దారి చూపేది రక్తం. లావెండర్ మూత ట్యూబ్‌లో (నెత్తురు గడ్డకట్టనివ్వనిది) తీసి సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చేయిస్తాను. ఊళ్లో మనుషుల ల్యాబ్ మెషిన్ కుక్క రక్తం లెక్క తప్పుతుంది, కాబట్టి స్మియర్ (గాజు పలక మీద పలచగా పరిచిన రక్తం) కూడా తప్పనిసరి. లీష్మన్ రంగు వేసి రెండు నిమిషాలకు, దానికి రెండింతలు బఫర్ నీళ్లు కలిపి ఏడు నుంచి పది నిమిషాలు ఉంచి కడగాలి. కణాలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరుచుకున్న చోట మైక్రోస్కోపు 40 ఆబ్జెక్టివ్ (లెన్స్)‌తో పది ఫీల్డుల్లో తెల్లకణాలు లెక్కపెట్టి, సగటును 1,600తో గుణించాలి. ఫీల్డుకు ఒక్కటే తెల్లకణం కనపడితే 1,600 అన్నమాట. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు మైక్రోలీటరు రక్తంలో 6,000–17,000 ఉంటాయి. 3,000 దిగువకు పడితే, కిట్ ఏమన్నా నా అనుమానం పార్వో మీదే. మొదటిరోజు మామూలుగా ఉందని వదలకూడదు, పడిపోవడం మర్నాడు కనపడొచ్చు. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 60 దగ్గర ఉండి తెల్లకణాలు బాగుంటే వేరే రకం నెత్తురు విరేచనం వైపు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోతే పిడుదుల జ్వరం వైపు చూస్తాను. గ్లూకోమీటర్‌లో 60 లోపు వస్తే వెంటనే డెక్స్‌ట్రోస్ ఇవ్వాలి.

మలాన్ని మైక్రోస్కోపు కింద చూడటం పది రూపాయల పని, అయినా ఎక్కువమంది వదిలేసేది ఇదే. లీటరు నీళ్లలో సుమారు 400 గ్రాముల వంట ఉప్పు వేసి, అడుగున కొంచెం కరగకుండా మిగిలేలా కలిపి పెట్టుకుంటాను. గ్రాము రెండు గ్రాముల మలం అందులో కలిపి టీ జల్లెడలో వడగట్టి, ట్యూబ్‌లో అంచుదాకా నింపి, పైన కవర్‌స్లిప్ పెట్టి 10–15 నిమిషాలు ఆగితే కొంకిపురుగులు, ఏలికపాముల గుడ్లు, కాక్సీడియా (పేగులోని సూక్ష్మ పరాన్నజీవి) పైకి తేలతాయి. జియార్డియా అనే మరో పరాన్నజీవి సిస్టులు (గట్టి పొర కట్టిన రూపాలు) మాత్రం ఉప్పునీళ్లలో ముడుచుకుపోతాయి, వాటికి సెలైన్ చుక్కలో తాజా స్మియర్ చూడాలి. పురుగులు దొరికాయి కాబట్టి పార్వో కాదనేది అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. వీధిలో పుట్టిన పిల్లల్లో రెండూ కలిసి ఉండటం మామూలే.

రెండు స్ట్రిప్‌లూ నెగిటివ్ వచ్చి అనుమానం తీరకపోతే పీసీఆర్, అంటే వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే ల్యాబ్ పరీక్ష. స్వాబ్‌ను గట్టిగా మూసి, ఐస్‌ప్యాక్‌ల మధ్య 2–8 డిగ్రీల్లో, రాజేంద్రనగర్ లేదా తిరుపతి వెటర్నరీ కాలేజీకి ముందు ఫోన్ చేసి ఏ నమూనా తీసుకుంటారో కనుక్కుని పంపాలి. ఇది కూడా టీకా వైరస్‌ను పట్టుకుంటుంది, కాబట్టి టీకా తేదీ చీటీ మీద రాయాల్సిందే. యాంటీబాడీ పరీక్ష ఇక్కడ డబ్బు దండగ, టీకా వల్ల వచ్చినవో జబ్బు వల్ల వచ్చినవో అది చెప్పదు.

బల్లకు ఫినాయిల్ పనిచేయదు, స్పిరిట్ కూడా అంతే. ముందు మలం పూర్తిగా తుడిచి, లీటరు నీళ్లకు 10 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. అదే ఈతలోని మిగతా పిల్లలు హుషారుగా ఉంటే వాటికి కిట్ వాడను. 14 రోజులపాటు రోజుకు రెండుసార్లు జ్వరం చూడమంటాను. ఒక పూట తిండి మానేసినా, 103 దాటినా ఆ రోజే స్వాబ్ తీస్తాను.