డాప్లర్ గది ముందు

పోయిన నెల హిమాయత్‌నగర్‌లోని ఒక స్కానింగ్ సెంటరులో నేనూ నా భార్యా గర్భిణుల మధ్య కూర్చుని మా టోకెన్ కోసం ఎదురుచూశాం. ఎదుటి గోడ మీద, 1994 నాటి చట్టాన్ని అనుసరించి పెట్టిన 'ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు' అన్న బోర్డు ఉంది. నేను వచ్చిన పనిని తలచుకుంటే నవ్వు ఆగలేదు. ఆవిడ మోచేత్తో పొడిచింది.

పన్నెండేళ్లుగా షుగరు ఉన్న నాకు రెండేళ్లుగా అంగస్తంభన సరిగా లేదు. బస్టాండు గోడ మీది గుప్తరోగాల ప్రకటన చూసి ఫోన్ నంబరు రాసుకున్న రోజు కూడా ఒకటుంది. చివరికి యూరాలజిస్టు దగ్గరికి వెళితే మాత్రలు రాశారు; అవి పనిచేయకపోయేసరికి, ఇది అందరికీ అవసరమైన పరీక్ష కాదని చెబుతూనే, అంగంలో రక్తప్రవాహాన్ని కొలిచే స్కానింగు, పెనైల్ డాప్లర్ చేయించమన్నారు.

సన్నని సూదితో అంగం పక్కభాగంలో ఆల్‌ప్రోస్టాడిల్ 10 మైక్రోగ్రాములు ఇచ్చారు. నొప్పి, షుగరు చూసుకోవడానికి వేలిని పొడుచుకున్నంతే. ఆ మందు రక్తనాళాలను సడలిస్తుంది. ఆ తరువాత చల్లని జెల్ రాసి, ప్రోబ్ ఆనించి, లోపలి రెండు ధమనుల్లో రక్తం ఎంత వేగంతో పారుతున్నదో ఐదేసి నిమిషాలకు ఒకసారి కొలుస్తారు. గుండె కొట్టుకున్నప్పటి వేగం సెకనుకు 35 సెంటీమీటర్లు దాటితే ధమనులు బాగున్నట్టు, 25కి తగ్గితే రక్తం చాలినంత రానట్టు. గుండె సడలినప్పుడు కూడా వేగం 5 కంటే ఎక్కువగానే ఉంటే, వచ్చిన రక్తం సిరల గుండా జారిపోతున్నదని అనుమానిస్తారు.

అయితే ఆ అంకెలను తొందరపడి నమ్మకూడదు. నా పరీక్ష నడుస్తుండగా ఆయా రెండుసార్లు తలుపు తోసుకుని ఫైలు కోసం వచ్చింది. భయపడినా సిగ్గుపడినా ఒంట్లో ఊరే అడ్రినలిన్ ఆ నాళాలను బిగించి, మంచివాటిని కూడా చెడ్డవిగా చూపించగలదు. డాక్టరు గారు విసుక్కుని తలుపుకు గడియపెట్టి, దీపాలు తగ్గించి, మరికొంత మందు ఇచ్చి, మళ్లీ మొదటినుంచి కొలిచారు. అప్పుడూ ఎడమవైపు 22, కుడివైపు 23 దాటలేదు.

"గుండె పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు?" అని అడిగారాయన. ఎన్నడూ లేదు. ఈ ధమనుల లావు ఒకటి రెండు మిల్లీమీటర్లే కాగా గుండెకు వెళ్లేవాటి లావు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి, కొవ్వు పేరుకుంటే ముందుగా ఇరుకయ్యేవి ఇవే. గుండెనొప్పికి కొన్నేళ్ల ముందే ఇక్కడ లోపం కనిపించవచ్చునట. నాలుగు గంటలైనా బిగువు తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి రావాలని హెచ్చరించి, తగ్గేదాకా బయట కూర్చోమన్నారు.

ఒడిలో ఫైలు పెట్టుకుని అదే బోర్డు ఎదుట మళ్లీ కూర్చున్నాను. ఆవిడ రిపోర్టులోని చివరి వాక్యం రెండుసార్లు చదివి, నన్నేమీ అడగకుండా, గుండె డాక్టరు అపాయింట్‌మెంటు కోసం ఫోన్ తీసింది.