జెండా పండగ నాడు మా బళ్లో

నాన్న సంవత్సరీకానికి ఒంగోలు వచ్చాను. కార్యక్రమం సవ్యంగానే జరిగిపోయింది, దాని గురించి ఇక్కడ రాయను. రాయకుండా ఉండలేకపోతున్నది లాడ్జి కౌంటర్ గురించీ, ఆ మర్నాడు మా ఊరి బడి గురించీ.

అన్నయ్య వాళ్ల ఫ్లాట్ నిండా చుట్టాలు. అందుకని నేను లాడ్జికి వెళ్లాను. మామూలు గదికి రెండున్నర వేలు, వేడినీళ్లు పొద్దున ఎనిమిది దాకానే. కౌంటర్లో కుర్రాడు ఆధార్ అడిగాడు. పాస్‌పోర్టు ఇచ్చాను. అట్ట మీద కంగారూ బొమ్మ చూసి, నా మొహం చూసి, "ఫారినర్స్‌కి వేరే రిజిస్టర్ మేడం" అన్నాడు.

"ఏంది బాబూ, మాది సింగరాయకొండ పక్కన ఊరే."

"అయినా రాయాల మేడం. రూలు."

ఎక్కడి నుంచి వచ్చారు, ఏ పని మీద వచ్చారు, ఎప్పుడు వెళ్లిపోతారు. "ఏ పని మీద" అన్న చోట పెన్ను ఆగిపోయింది. నాన్న పోయి ఏడాదైందని ఆ గడిలో ఎలా రాయను? "బంధువులు" అని రాసి గదిలోకి వెళ్లి ఏడ్చాను. ఆ కుర్రాడి తప్పేం లేదు. కానీ కోపం మాత్రం తెల్లారేదాకా తగ్గలేదు.

తెల్లారితే జనవరి 26. నేను ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్నదీ ఆ రోజే, 2019లో. అక్కడ అది ఆస్ట్రేలియా డే. మెల్‌బోర్న్‌లో కౌన్సిల్ హాల్లో కొత్త పౌరులందరం నిలబడి, ఆ దేశానికీ అక్కడి ప్రజలకీ విధేయంగా ఉంటామని ప్రమాణం చేశాం. తలా ఒక మొక్క ఇచ్చారు. సాయంత్రం పార్కులో ఎక్కడ చూసినా బార్బెక్యూ పొగ, పిల్లల బుగ్గల మీద జెండా రంగులు. సంబరంగా ఇంటికొస్తుంటే మా పక్కింటావిడ గుమ్మంలో ఊరికే కూర్చుని ఉంది. ఆవిడ ఆ నేల మూలవాసుల మనిషి. 1788లో అదే తేదీన సిడ్నీ కోవ్‌లో బ్రిటిష్ వాళ్లు జెండా పాతారు, తన వాళ్లకది దుఃఖదినం అని నెమ్మదిగా చెప్పింది. చేతిలో మొక్క పట్టుకుని ఆవిడ పక్కనే కూర్చుండిపోయాను. నేను పుట్టిన దేశమేమో ఆ బ్రిటిష్ వాళ్ల నుంచే పూర్ణ స్వరాజ్యం కావాలని 1930లో ప్రతిజ్ఞ చేసిన తేదీ అది. అందుకే 1950లో రాజ్యాంగాన్ని ఆ రోజు నుంచే అమల్లోకి తెచ్చుకున్నాం. "తెచ్చుకున్నాం" అంటున్నాను గానీ, అక్కడ ప్రమాణం చేశాక ఇక్కడి పౌరసత్వం పోయింది. రెండూ ఉంచుకోవడానికి మన చట్టం ఒప్పుకోదు. నాలాంటి భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డుతో వీసా లేకుండా రావచ్చు, పోవచ్చు. ఓటు మాత్రం లేదు.

పొద్దున్నే కావలి బస్సెక్కాను. టంగుటూరు దాటేసరికి రోడ్డు పక్కన తెల్ల చొక్కాల పిల్లలు చేతుల్లో కాగితం జెండాలతో పరిగెడుతున్నారు. సింగరాయకొండలో ఆటో అతను ఒక్కదాన్నే అయితే మూడొందలన్నాడు. "అన్యాయం అన్నా" అంటే, "పండగ పూట కదక్కా, ఎక్కు, రెండొందలియ్యి" అన్నాడు. అక్కా అన్నందుకు ఇంక బేరం ఆడలేదు.

బడికి కొత్త ప్రహరీ కట్టారు, వేప చెట్టు మాత్రం అదే. జనవరి 26న జెండాని కింది నుంచి ఎగరేయరు. పైనే మడిచి కట్టి ఉంచుతారు, తాడు లాగితే విచ్చుకుంటుంది. ఆగస్టు 15కీ దీనికీ ఉన్న ఆ తేడా మాకు డ్రిల్లు మాస్టారు చెప్పారు. మడతలో బంతిరేకులు పెట్టడం, ఒక్క లాగుకే విడిపోయేలా ముడి వేయడం ఆయన దగ్గరే చూశాను. ఈసారి మొదటి లాగుకి ముడి విడలేదు. పిల్లలంతా ఊపిరి బిగబట్టారు, నేనూ బిగబట్టాను. రెండో లాగుకి రేకులు జలజలా రాలాయి.

జనగణమన అయ్యాక ప్రతిజ్ఞ. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో తెలుగులో రాసినది. ఆ తర్వాత దేశమంతటా పిల్లల నోళ్లలోకి వెళ్లింది. ముందు వరసలో పిల్ల మొదలుపెట్టగానే నా కుడిచెయ్యి దానంతటదే ముందుకి చాచుకుంది. సగంలో గుర్తొచ్చింది. దించాలో వద్దో తెలియలేదు. దించలేదు. అక్కడ చేసిన ప్రమాణం అర్థం తెలిసి, మనస్ఫూర్తిగా చేశాను. ఇది మాత్రం అర్థం తెలియని వయసులో ఒంట్లోకి వెళ్లిపోయింది.

తర్వాత హెడ్మాస్టరమ్మ దగ్గరికెళ్లి ఉన్న సంగతి చెప్పేశాను. "నేనిప్పుడు ఇక్కడి పౌరురాలిని కాదండీ. చెయ్యి చాచాను, తప్పైతే క్షమించండి."

ఆవిడ దానికి జవాబు చెప్పలేదు. "ఏ సంవత్సరంలో చేరావమ్మా?" అని బీరువా తీసింది. చివర్లు నలిగిపోయిన అడ్మిషన్ రిజిస్టర్. నా పేరు, పుట్టిన తేదీ, చివరి గడిలో నాన్న సంతకం. నాన్న "మ" ఎప్పుడూ తోక పొడుగ్గా లాగేవాడు. పైన పుట్టుమచ్చల గడిలో "కుడి మోచేతి మీద ఒకటి" అని ఉంది.

"ఏదీ, చెయ్యి చూపించు" అంది ఆవిడ. చీర కొంగు జరిపి మోచెయ్యి చాచాను. బూందీ పొట్లాలు పట్టుకున్న పిల్లలు చుట్టూ మూగారు. ఒక చిన్నపిల్ల జిడ్డు వేలితో తాకి చూసి, "ఉంది టీచర్, ఇక్కడే ఉంది" అంది.