ఒక క్రియ, ఇద్దరు కర్తలు

రెండు పేజీలకు మించకుండా, అందరి పేర్లూ వచ్చేలా ఒక వ్యాసం పంపమని మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పూర్వ విద్యార్థుల సమావేశ సంచిక సంపాదకవర్గం వారు కోరారు. అందరి పేర్లూ రాస్తే పారిజాత్ హాస్టలుకూ బకుల్ హాస్టలు మూడో అంతస్తుకూ మధ్య చల్లారిన తగవులు మళ్ళీ రాజుకుంటాయి కనుక ఆ షరతును మన్నించలేకపోతున్నాను. మన కళాశాల ఉత్సవం ఫెలిసిటీ గురించీ, జ్యూస్ క్యాంటీన్ ఖాతాల గురించీ నాకన్నా బాగా రాయగలవారు మనలో ఉన్నారు. వాట్సాప్ గ్రూపు పేరును ఇప్పటికీ డబ్ల్యూఎక్స్‌లోనే, అంటే మనం కంప్యూటరు కోసం తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన పద్ధతిలోనే, ఉంచిన మహానుభావుడు ఆ పనికి తగినవాడని నా అభిప్రాయం.

కంప్యూటర్ శాస్త్రాన్నీ భాషాశాస్త్రాన్నీ కలిపి నేర్పి, బి.టెక్., ఎం.ఎస్. రెండు పట్టాలూ ఐదేళ్ళలో ఒకేసారి చేతికిచ్చే కోర్సు ఏమిటో మా పెదనాన్నగారికి వివరించలేక, "సాఫ్ట్‌వేరే అన్నయ్యా, కాకపోతే ఒక ఏడాది ఎక్కువ" అని మా నాన్నగారు తేల్చేశారు. ఒకే వారంలో పాయింటర్లూ మూర్ధన్యాలూ నేర్చుకున్న మనకు కూడా ఆ మొదటి ఏడాది అంతకన్నా మంచి వివరణ తెలియదు. రెండో ఏడాది, మూడో ఏడాది ఎలా గడిచాయో నాకు నిజంగా గుర్తు లేదు.

గుర్తున్నది మాస్టారు. మన భాషా సాంకేతిక పరిశోధన కేంద్రమైన ఎల్టీఆర్సీలో తెలుగు ట్రీబ్యాంకు, అంటే వ్యాకరణ సంబంధాలు గుర్తించిన వాక్యాల నిధి, తయారవుతున్న గదిలో, కిటికీ పక్క కంప్యూటరు ముందు, ఆ గుర్తులు పెట్టే సంచయ్ సాఫ్ట్‌వేరు తెరిచి పెట్టుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని కూర్చునే మాస్టారు. ఆయన మన అధ్యాపకుల జాబితాలో లేరు, ఏ కోర్సుకూ మార్కులు వేయలేదు. హైస్కూల్లో తెలుగు పండితులుగా పదవీ విరమణ చేసి, వాక్యాలలో క్రియకూ మిగతా పదాలకూ ఉండే కారక సంబంధాలు గుర్తించే పనికి వచ్చారు. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ గార్లు అక్షర భారతి బృందంతో కలిసి పాణిని పద్ధతిలో కంప్యూటరు చేత భాషను విశ్లేషింపజేయడం మీద 1995లో వెలువరించిన పుస్తకాన్ని మనం పరీక్ష కోసం చదివితే, ఆయన పంచాంగం చూసినంత శ్రద్ధగా ప్రతి ఉదయం చూసేవారు. కే-వన్ అంటే కర్త, కే-టూ అంటే కర్మ, "నాకు చంద్రుడు కనిపించాడు" అన్నప్పుడు "నాకు" అన్నది కే-ఫోర్-ఏ, అంటే అనుభవకర్త, అనే లెక్కలు మన నోట గుర్తుల్లా పలికేవి, ఆయన నోట వ్యాకరణంలా పలికేవి.

2009లో ఐకాన్ అనే భాషా సాంకేతిక సదస్సు వారు హిందీ, బెంగాలీ, తెలుగు భాషలకు పార్సర్ల, అంటే వాక్యంలోని సంబంధాలను తమంతట తాము గుర్తించే ప్రోగ్రాముల, పోటీ పెట్టిన నాటి తెలుగు దత్తాంశం రెండు వేల వాక్యాలు కూడా లేదు. ఆ కొద్దిపాటి వాక్యాలతోనే మాల్ట్ పార్సర్‌కు తర్ఫీదునిచ్చి, దాని ఫలితాలు ఆయనకు చూపించాము. "కరెంటు పోయి ఫ్యాను ఆగింది" అన్న వాక్యంలో కరెంటునూ ఫ్యానునూ రెండింటినీ "ఆగింది" అన్న క్రియకే కర్తలుగా తగిలించి ఉంది ఆ యంత్రం. మాస్టారు చాలాసేపు తెర వంక చూసి, "ఏమమ్మా, ఒక క్రియకు ఇద్దరు కర్తలా? ద్రౌపదిని తిరగేసినట్టుందే" అన్నారు. ఆ మాట తర్వాత ఎన్నాళ్ళు మన మెస్సులో తిరిగిందో మీకు నేను చెప్పనక్కరలేదు.

అయితే నవ్వుతో ఆయన ఊరుకోలేదు. "సమానకర్తృకయోః పూర్వకాలే" అని పాణిని, అంటే ముందు జరిగిన పనికీ తర్వాతి పనికీ కర్త ఒక్కడే అయినప్పుడే సంస్కృతంలో క్త్వా ప్రత్యయం వస్తుంది. వచ్చి, పోయి వంటి మన క్త్వార్థకానికీ అదే సూత్రం వర్తిస్తుందని బడిలో చెప్పి, తానే ముప్పై ఏళ్ళు పిల్లల చేత వల్లె వేయించానన్నారు. మర్నాటి నుంచి దినపత్రికలో కనిపించిన ఎదురు ఉదాహరణలన్నీ ఒక పాత లెక్కల పుస్తకంలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. వాన కురిసి చెరువు నిండింది. గోడ కూలి ముగ్గురు గాయపడ్డారు. బస్సు ఆలస్యమై పరీక్ష తప్పిపోయింది. ఇవన్నీ చక్కని తెలుగు వాక్యాలే, ప్రతిదానిలోనూ కర్తలు ఇద్దరే. మరి "రాముడు వచ్చి సీత వెళ్ళింది" అంటే చెవికి ఎందుకు ఇబ్బందిగా ఉంది? మొదటి పని రెండోదానికి కారణమై, ఆ రెండు పనులూ ఎవరూ పూనుకొని చేసినవి కాకుండా వాటంతట అవి జరిగినవైతేనే తెలుగు ఇద్దరు కర్తలను ఒప్పుకుంటున్నదని, ప్రోగ్రామింగ్ అంటే ఏమిటో తెలియని ఆ పెద్దమనిషి ఆ పుస్తకం పేజీలు తిప్పుతూ తేల్చారు. తెలుగు, అస్సామీ భాషలలోని ఇటువంటి వాక్యాల మీదనే యూసఫ్ హద్దాద్ 2007లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారని మాకు ఆ తర్వాత తెలిసింది. ఆ సంగతి చెప్పినప్పుడు మాస్టారు ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు సరికదా, "అంత దూరం వారికి కూడా మన చెరువు నిండిందన్నమాట" అని సంతోషించారు.

నా ఎం.ఎస్. సిద్ధాంత వ్యాసం ఆ లెక్కల పుస్తకంలో పుట్టిందే. క్రియ వెంట క్రియ వచ్చినప్పుడు కర్తను ఏ క్రియకు కలపాలో నిర్ణయించే చిన్న నియమావళిని పార్సర్‌కు జోడించాను. ఆ వ్యాసాన్ని సమర్థించుకునే మౌఖిక పరీక్షలో బయటి పరీక్షకులు అడిగిన మొదటి ప్రశ్నకు మాస్టారి వాక్యమే జవాబుగా చెప్పి బయటపడ్డాను. వెనుక వరుసలో కూర్చుని మీరు దగ్గిన దగ్గులు ఆడియో రికార్డులో భద్రంగా ఉన్నాయి.

ఇప్పుడు నేను తెలుగు అనువాద యంత్రాల నాణ్యతను పరీక్షించే ఒక బృందాన్ని నడుపుతున్నాను. కృష్ణమూర్తి, గ్విన్ గార్ల వ్యాకరణంలోని ఉదాహరణలతో తయారైన 1,328 వాక్యాల, అనేక భాషలకు ఒకే తీరు గుర్తులు వాడే యూనివర్సల్ డిపెండెన్సీస్ పద్ధతి ట్రీబ్యాంకు మాకు నిత్యం పనికొస్తుంది. దానితో పాటు మాస్టారి జాబితాను కూడా, కొత్తగా వచ్చే ప్రతి యంత్రానికీ తప్పనిసరి పరీక్షగా పెట్టాను. బృందంలో చేరే కుర్రవాళ్ళు మొదటి వారం ఏ కోడూ రాయరు, ఆ వాక్యాలకు చేత్తో కారకాలు గుర్తిస్తారు. పెదనాన్నగారు ఈ మధ్య తన ఫోనుతో తెలుగులో మాట్లాడి వాతావరణం తెలుసుకుంటున్నారు. ఆ పని వెనుక మనవాళ్ళెందరో ఉన్నారని చెబితే, ఆ అదనపు ఏడాది దండుగ కాలేదన్నమాట అని ఒప్పుకున్నారు.

మిగిలిన తగాదా ఒక్కటే. "పెద్దవాడి పెళ్ళి కుదిరి చిన్నవాడి చదువు ఆగింది" అన్న వాక్యం సాధువని నేనూ, కాదని కడప జట్టూ ఈనాటికీ పట్టు వదల్లేదు. సమావేశానికి వచ్చేటప్పుడు ఎవరి ఉదాహరణలు వారు తెచ్చుకోవాలని, వండి తెచ్చిన వాక్యాలు చెల్లవని, అచ్చులో కనిపించినవే చెల్లుతాయని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.