గోడ మీది గీత

నిద్ర పట్టట్లేదు. పదకొండున్నర దాటింది, అందరూ పడుకున్నారు, నేను మాత్రం ఒక గోడ గురించి ఆలోచిస్తూ కూర్చున్నా.

పొద్దున బాల్కనీలో బట్టలారేస్తుంటే కింద రంగులవాళ్ళు కనిపించారు. కింది వాటా వదిన హాల్ గోడ గీకించి ప్రైమర్ కొట్టిస్తోంది. వరద నీళ్ళు తీసి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. హాల్లోంచి వంటింటి దాకా నడుమెత్తున, స్కేలు పెట్టి గీసినట్టున్న ఆ బురద గీత అప్పటికే సగం పోయింది. నాకెందుకో ఒళ్ళు మండింది. గబగబా కిందికి దిగి "ఇప్పుడేంటి వదినా, గోడ ఇంకా ఆరందే" అన్నా. చెయ్యి పెట్టి చూస్తే చల్లగా తగుల్తోంది కూడా. ఇటుక నీళ్ళు తాగితే ఊరుకోదు, గీత కన్నా పైకి కూడా చెమ్మ ఎక్కించుకుంటుంది, పూర్తిగా ఆరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, ఈలోపు రంగేస్తే లోపలి తడికి దారిలేక పొక్కులొచ్చి తెల్లగా ఉప్పు పూసి పెచ్చులుగా రాలిపోతుంది, ఇదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పేశా. వదిన మొత్తం విని "సరేలే, రాలితే మళ్ళీ వేయిస్తా" అంది. అంతే, ఇంకో మాట లేదు. ఆవిడ మొండితనం అలాంటిది.

పైకొచ్చేశా గానీ రోజంతా అదే. నిజానికి కోపం రంగు గురించి కాదు. ఆ గీత పోతోందని. అది పోతే ఇక్కడ ఏం జరిగిందో చెప్పడానికి ఇంకేం మిగలదు. బయట చూస్తే ఇప్పటికే అంతా నార్మల్ అంటున్నారు, రోడ్డు ఆరింది, బస్సులు తిరుగుతున్నాయి, స్కూళ్ళు తెరిచారు. పై అంతస్తుల్లో ఉన్న మాకు మూడు రోజులు కరెంటు లేదు, అంతే. కింద ఉన్నవాళ్ళకి మాత్రం ఇంకా ఏదీ అయిపోలేదు. తలుపులు ఉబ్బిపోయి గడియ పడట్లేదు. ప్లైవుడ్ అల్మరాలు పొరలు పొరలుగా విడిపోయాయి. సంపులోకి డ్రైనేజీ నీళ్ళు కలిసాయని రెండుసార్లు తోడించి, రుద్ది కడిగించి, బ్లీచింగ్ కొట్టించినా ఆ వాసన పోయినట్టే ఉండి మళ్ళీ వస్తుంది. ఇప్పుడేమో జ్వరాలు. ఎక్కడో కుండీలోనో పాత టైర్లోనో నాలుగు చుక్కలు నిలిస్తే చాలు, గుడ్డు దోమ అవ్వడానికి వారం పది రోజులు పడుతుంది, అందుకే నీళ్ళు పోయాక మూడోవారంలో ఇంటికొకరు మంచమెక్కుతున్నారు. వాళ్ళకి ఇది వరద జ్వరమే, కానీ వరద ఎప్పుడో అయిపోయిందిగా అంటారు అందరూ.

గీత అంటే నాకు ఇంత పట్టింపు ఎందుకో కూడా తెలుసు. ఏడో క్లాసులో ఉన్నప్పుడు మా పాతింట్లోకి నీళ్ళొచ్చాయి. రాత్రి నిద్రలో మంచం కింద చెప్పులు తేలుతూ ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడుకి లేచాను. నాన్న నన్నెత్తి అటక మీద కూర్చోబెట్టి, తర్వాత అమ్మ చెప్పినవన్నీ ఒక్కొక్కటే అందించారు. సర్టిఫికెట్లు, బియ్యం డబ్బా, కుట్టుమిషను తల. ఆల్బం గురించి ఎవరికీ గుర్తు రాలేదు, అది బీరువా అడుగు అరలో ఉంది. రెండు రోజుల తర్వాత బయటికి తీస్తే ఇటుకలా బరువుగా ఉంది. అమ్మ దాన్ని ఎండలో పెట్టింది. ఎవరైనా అదే చేస్తారు కదా, తడిసినదాన్ని ఎండలోనే పెడతారు. బాగా ఎండాక పేజీలు విడదీస్తే ఒక ఫోటోలోని మొహాలు ఇంకో ఫోటో వీపుకి అంటుకుని ఊడొచ్చేశాయి. తాతయ్య చేతికర్ర ఉంది, తాతయ్య లేరు. అమ్మ పెళ్ళి ఫోటోలో దండలున్నాయి, పైన తెల్లటి మచ్చలు. ఆవిడ ఏడవలేదు, కూర్చుని ఊడిన ముక్కల్ని పట్టకారుతో తీసి దేనిది దేనికో జత చేస్తూ మధ్యాహ్నమంతా గడిపింది. తడి ఫోటోల్ని ఎండబెట్టకూడదని, శుభ్రమైన చల్లటి నీళ్ళలో నానబెట్టి మెల్లగా విడదీసి, బొమ్మ పైకుండేలా నీడలో పరచాలని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది నాకు. వెంటనే కుదరకపోతే ఫ్రీజర్లో పెట్టినా పాడవకుండా ఆగుతాయట. అమ్మకి ఆ సంగతి ఇప్పటికీ చెప్పలేదు. చెప్పి ఏం లాభం.

ఆ సాయంత్రమే నాన్న తలుపు వెనక పెన్సిల్‌తో ఒక గీత గీసి తేదీ రాశారు. తర్వాత ఇల్లు కట్టుకున్నప్పుడు మేస్త్రీకి ఆ గీత చూపించి, పునాది దానికి పైన ఉండాలని పట్టుబట్టారు. ప్యారిస్‌లో 1910 జనవరిలో సీన్ నది 8.62 మీటర్ల మట్టానికి పొంగితే, ఆ ఎత్తు గుర్తుగా గోడలకి పలకలు కొట్టారు, వందేళ్ళు దాటినా అవి ఇంకా ఉన్నాయి. నాన్నకి ఆ ఊరి సంగతేం తెలీదు, పెన్సిల్ దొరికింది గీసేశారు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది ఇంకా బాధగా ఉంది. మొన్న ఆదివారం బిల్డింగ్ మీటింగ్‌లో గేటు దగ్గర అడుగున్నర కట్ట కట్టిద్దామన్నారు. నేనూ చెయ్యెత్తాను. మా వీధి రోడ్డేమో పాత తారు గీకకుండా దానిమీదే ఇంకో పొర, దానిమీద ఇంకోటి వేసుకుంటూ పోయారు, ఇంతకుముందు రెండు మెట్లెక్కి వెళ్ళే ఇళ్ళలోకి ఇప్పుడు దిగి వెళ్ళాలి. అందుకని ఎవరికివాళ్ళు గేటు ఎత్తు పెంచుతున్నారు, మూలింటివాళ్ళు ర్యాంపు వేసి కాలువ మీదే కప్పేశారు. వంద చదరపు మీటర్ల డాబా మీద వంద మిల్లీమీటర్ల వాన పడితే పదివేల లీటర్ల నీళ్ళు, ఒక్క డాబాకే. మట్టి అన్నది కనిపించకుండా టైల్స్ పరిచాం కాబట్టి నేలలోకి ఇంకేది దాదాపు ఏం లేదు. మా గేటు దాటనివి ఎటు పోతాయి? వెనక సందులోకి. అక్కడ రేకుల ఇళ్ళు నాలుగున్నాయి, ఈసారి ఛాతీ దాకా వచ్చాయి వాళ్ళకి.

మా ఆయనతో అంటే "2005 జులై 26న ముంబై శాంతాక్రజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్లు పడింది, అక్కడి పాత డ్రైన్లేమో గంటకి 25 మిల్లీమీటర్ల లెక్కన కట్టినవి, అలాంటి వానొస్తే కట్ట ఉన్నా లేకపోయినా ఒకటే" అన్నారు. నిజమే కావచ్చు. కానీ ఏటా వచ్చేది ఆ వాన కాదుగా, మామూలు గట్టి వానకే మునుగుతున్నాం, దానికి కాలువ తెరిచుంటే సరిపోతుంది. అలాగని కట్ట వద్దంటే మళ్ళీ మునిగేది వదిన ఇల్లే. చెయ్యి దించి ఉండాల్సిందా అని నాలుగు రోజులుగా అనుకుంటున్నా, తేలట్లేదు.

సాయంత్రం వదిన పైకొచ్చింది, నిచ్చెన కావాలని. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి చెప్పింది. చిన్నోడు రోజూ పడుకునే ముందు ఆ గీత పక్కన నిలబడి చెయ్యి పెట్టి కొలుచుకుంటున్నాడట, వాడికి అది సరిగ్గా గడ్డం దగ్గరికి వస్తుంది, "అమ్మా, మళ్ళీ ఇక్కడిదాకా వస్తాయా" అని అడుగుతున్నాడట. రాత్రి పక్క తడపడం కూడా మొదలైందట. అందుకే రంగు. రాలితే మళ్ళీ వేయిస్తానన్నది అందుకే.

నేనేం మాట్లాడలేకపోయా. పొద్దున్న ఇటుక గురించి అంత చెప్పానే ఆవిడకి.

ఆ హాల్ గోడ ఆవిడిష్టం, ఇక అడగను. కానీ బయట మెట్ల పక్క పిల్లర్ మీద గీత ఇంకా ఉంది, రంగులవాళ్ళు రేపు అక్కడికి వస్తారు. వాళ్ళకన్నా ముందే లేచి నేల నుంచి టేపుతో కొలిచి, తేదీ రాసి, పిల్లాడి కంట పడకుండా మీటర్ బాక్స్ వెనక వైపు గీయాలి. ఆ తర్వాత టేపు తీసుకుని వెనక సందుకి వెళ్ళాలి, వాళ్ళ గోడ కూడా కొలవనిస్తారేమో అడగాలి. కట్ట సంగతి కూడా వాళ్ళకి నా నోటితోనే చెప్పాలి.