అమ్మమ్మ గాంధారం

"అమ్మమ్మ గ తక్కువ పాడుతోంది" అన్నాడు మా అబ్బాయి నా చెవిలో. ఆమెకు తెలియకూడదని జర్మన్‌లో అన్నాడు. లైప్‌జిగ్ నుంచి ఆరు వారాల సెలవులకు తిరుపతి వచ్చి అప్పటికి నాలుగు రోజులు. బైరాగిపట్టెడలో మా ఇంటి ముందు గదిలో అమ్మ చాప మీద కూర్చుని, తంబుర మీటుతూ వాడికి 'శ్యామళే మీనాక్షి' చెబుతోంది.

వాడికి 11 ఏళ్లు. పియానో మొదలుపెట్టి ఆరేళ్లయింది. చెవి మంచిది. అందుకని నేను చేసిన పని ఇది: ఫోనులో శ్రుతి చూపించే యాప్ తెరిచి దిండు చాటున పెట్టాను. అమ్మ గాంధారం, అంటే గ, మీదికి వచ్చినప్పుడల్లా ముల్లు ఎడమకు ఒరిగి 14 సెంట్లు తక్కువ అని చూపించింది. సెంటు అంటే పియానోలో పక్కపక్క మీటల మధ్య దూరంలో నూరో వంతు. మళ్లీ పాడింది, మళ్లీ 14. వయసు మీద పడింది, పాపం అనుకున్నాను.

నా ఉద్యోగమే కొలత పరికరాలతో. వణికే గొంతు ఒకసారి 5 తగ్గుతుంది, ఒకసారి 20 తగ్గుతుంది. ప్రతిసారీ 14 మాత్రమే తగ్గేది గొంతు తప్పు కాదని నాకు తట్టి ఉండాలి. తట్టలేదు. ఎస్వీ సంగీత కళాశాలలో చదువుకుని, 40 ఏళ్లుగా వీధి పిల్లలకు సరళీ వరసలు చెబుతున్న మనిషి ఒకవైపు, ఉచితంగా దొరికిన యాప్ ఒకవైపు. నేను యాప్ వైపు నిలబడ్డాను.

"ఏమిరా గుసగుస?" అంది అమ్మ.

పిల్లవాడికి అబద్ధం రాదు. "అమ్మమ్మా, నీ గ కొంచెం కింద ఉంది" అన్నాడు.

నాకు నేల చీలితే బాగుండుననిపించింది. అమ్మ మాత్రం కోప్పడలేదు. "కిందా? ఎవరికంటే కింద?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు వాడి దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. అమ్మ వాడిని దగ్గరికి పిలిచి, చెవిని తంబుర కుండకు ఆనించమంది. "నేను పాడను. నువ్వు విను" అని మంద్ర షడ్జం, అంటే కింది సా, తీగ ఒక్కటే మీటింది. మొదట వాడికి సా మాత్రమే వినిపించింది. పదోసారో పదిహేనోసారో మీటేసరికి కళ్లు పెద్దవి చేసి, "ఎవరో గ పాడుతున్నారు" అన్నాడు.

పాడుతున్నది తీగే. తీగ మొత్తంగా ఊగుతూనే రెండు, మూడు, నాలుగు, అయిదు భాగాలుగా కూడా ఊగుతుంది. అలా అయిదు భాగాలుగా ఊగినప్పుడు వచ్చే స్వరమే అంతర గాంధారం. మనవాళ్లు దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. షడ్జంతో దాని నిష్పత్తి 5:4, సెంట్లలో 386. పియానో గాంధారం 400. ఆ 14 అక్కడిది. అమ్మ గొంతు తంబుర చెప్పిన చోటే ఉంది. యాప్ ముల్లు పియానో చెప్పిన చోట ఉంది.

పాట ఎంపిక కూడా అమ్మ తెలివే అని నాకు తర్వాత అర్థమైంది. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు వైపు ఉన్నప్పుడు ఇంగ్లీషు వాళ్ల బ్యాండ్ బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం రాశారు. వాటిని నోట్టుస్వరాలు అంటారు, అన్నీ శంకరాభరణంలోనే. ఈ పాట బాణీ మా వాడికి ముందే తెలుసు. జర్మనీలో పిల్లలు క్రిస్మస్‌కు పాడే పాటదీ అదే బాణీ. స్వరాన్ని ఊపే గమకాలు లేకుండా నిలిచి ఉంటుంది కాబట్టే ముల్లుకు చిక్కింది. గమకాలతో పాడే పాటైతే గాంధారం ఒకచోట నిలవదు, కొలవబోతే ముల్లుకు కళ్లు తిరుగుతాయి. అమ్మ గురి గాంధారం మీద కాదు, 'శ్యామళే'లోని ళ మీద. వాడు 'శ్యామలే' అన్నప్పుడల్లా ఆపించింది, రోజుకు ఇరవై సార్లయినా. ఆ ళ కోసం పోట్లాడటం నేను ఎప్పుడో మానేశాను.

"మరి ఈ గ ఎక్కడ రాసి ఉంది?" అని అడిగాడు వాడు. స్వరాలు రాసిన పుస్తకం లేకుండా సంగీతం ఉంటుందని వాడు నమ్మడు. అమ్మ నవ్వి కొండ వైపు చూపించింది. అన్నమయ్య పాటలు రాగిరేకుల మీద చెక్కి తిరుమల గుడిలో దాచారు. పాట మీద రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. మాట మిగిలింది, బాణీ పోయింది. ఆ తర్వాత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్లు కొత్తగా స్వరపరిచారు. రాగిరేకు కూడా పట్టుకోలేనిది ఇదే నాయనా, అంది.

వాడి అభ్యాసం ఆగకూడదని మా తమ్ముడు చెన్నై నుంచి ఒక పాత డిజిటల్ పియానో తెచ్చిపెట్టాడు. దాని మెనూలో శ్రుతి పద్ధతుల జాబితా ఉందని ఆ సాయంత్రం మా వాడే కనిపెట్టాడు. సమశ్రుతి (మామూలు పియానోది), శుద్ధ శ్రుతి, పైథాగరస్, మీన్‌టోన్, వెర్క్‌మైస్టర్, కిర్న్‌బెర్గర్. ఆరేళ్లుగా పియానో వాయిస్తున్న పిల్లవాడికి పియానోను ఇన్ని రకాలుగా శ్రుతి చేయవచ్చని ఆ రోజే తెలిసింది. నాకూ అంతే.

"అయితే పియానో తప్పా?" అన్నాడు. అన్నం తింటూ ఫోనులో లెక్క వేశాం. సా నుంచి శుద్ధమైన పా ఒకటిన్నర రెట్లు. ఆ పాను సా అనుకుని మళ్లీ పా, ఇలా 12 సార్లు ఎక్కితే 7 స్థాయిలు పైన మళ్లీ సా దగ్గరికి చేరాలి. ఒకటిన్నరను 12 సార్లు హెచ్చవేస్తే 129.75 వచ్చింది. స్థాయికి రెండు రెట్లు కాబట్టి రెండును 7 సార్లు హెచ్చవేస్తే 128. చేరలేదు, దాటిపోయింది. సుమారు 23 సెంట్ల మిగులు. మా వాడు మూడుసార్లు లెక్క వేశాడు, ఫోను తప్పేమోనని.

అమ్మ మజ్జిగ పోస్తూ, "అధిక మాసం లాంటిదన్నమాట" అంది. చాంద్రమానం 12 నెలలు సౌర సంవత్సరానికి 11 రోజులు చాలవు. ఆ రోజులను పోగుచేసి రెండున్నర, మూడేళ్లకోసారి ఒక నెల కలుపుతాం. ఆ ఏడు కొండ మీద స్వామికి రెండు బ్రహ్మోత్సవాలు. పాశ్చాత్యుల శ్రుతుల చరిత్ర మీద నేను తర్వాత చదివినదంతా ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానం లాగే తోచింది. మిగులు పోదు. దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే తగువు.

మీన్‌టోన్ పద్ధతి దాన్ని ఒక మూలకు తోసింది. ఎక్కువగా వాడే గాంధారాలు శుద్ధంగా 386 దగ్గర నిలుస్తాయి, పంచమాలు, అంటే పాలు, కొద్దిగా కుదించుకుంటాయి. మిగిలిన చెత్తంతా ఒక్క పంచమంలో, జర్మన్లు గిస్, ఎస్ అనే రెండు నల్ల మీటల మధ్య, పోగవుతుంది. అది 702 ఉండవలసింది 738కి పోతుంది. దాన్ని జర్మన్లు తోడేలు పంచమం అంటారు. మా వాడు దాన్ని గట్టిగా నొక్కి వినిపించాడు. "అలిపిరి మెట్ల దారిలో చిరుతలే అనుకున్నాను, ఇంట్లోకి తోడేలు కూడా వచ్చిందే" అంది అమ్మ.

అమ్మది అయిదున్నర శ్రుతి. వాడి భాషలో గిస్, అంటే తోడేలు కూర్చున్న మీటే ఆమె షడ్జం! అక్కడి నుంచి గాంధారం వాడు మొట్టమొదట నేర్చుకున్న సి మీట. శుద్ధ గాంధారాల కోసమే పుట్టిన మీన్‌టోన్ ఆమెకు మాత్రం 427 సెంట్ల గాంధారం ఇచ్చింది, 41 ఎక్కువ. అన్నట్టు ఈ అయిదున్నర లెక్క కూడా మనది కాదు. హార్మోనియం తెల్ల మీటలను ఒకటి, రెండు అని లెక్కపెట్టి, అయిదో మీట పక్కన ఉన్న నల్లదాన్ని అయిదున్నర అన్నాం. గమకం పలకదని ఆకాశవాణి 1940లో హార్మోనియంను వెలివేసి 1971 దాకా గుమ్మం తొక్కనివ్వలేదు. దాని మీటల లెక్కను మాత్రం మనం వదులుకోలేదు. ఇంకో వింత: పాతకాలపు సంగీతం వాయించే పాశ్చాత్యులు తమ 'ఎ' స్వరాన్ని 440 హెర్ట్జ్ నుంచి 415కు దించుకుంటారు. అది ఈ గిస్సే.

మెనూలో శుద్ధ శ్రుతి ఎంచి, ఆధార స్వరం గిస్ పెట్టాం. అమ్మ పాడింది, వాడు వాయించాడు. అంతకుముందు రెండు గాంధారాలూ కలిసినప్పుడు సెకనుకు రెండేసి అలలు కొట్టుకునేవి. ఇప్పుడు అలలు ఆగిపోయాయి. అమ్మ పాట ఆపి, "మళ్లీ" అంది.

ఆ సంబరంలో వాడు ఆధారం సికి మార్చి, జర్మన్ స్వరకర్త బాఖ్ 1722లో కూర్చిన సంపుటిలోని సి మేజర్ ప్రిల్యూడ్ మొదలుపెట్టాడు. మొదటి బార్ తేనె. రెండో బార్‌లో డి, ఎ కలిసేసరికి పులిసిపోయింది. శుద్ధ శ్రుతిలో ఆ పంచమం 680 సెంట్లే. ఒక షడ్జం దగ్గర అన్నీ శుద్ధంగా ఉంచితే పక్క స్వరాన్ని షడ్జం చేసుకోగానే చెడుతుంది. జర్మన్ సంగీతజ్ఞుడు వెర్క్‌మైస్టర్ 1691లో చూపిన దారి మధ్యస్థం: మిగులును నాలుగు పంచమాలకు పంచాడు. సి దగ్గర గాంధారం 390, దూరం వెళ్లేకొద్దీ పెరిగి 408 దాకా. ఏ స్వరాన్ని ఆధారం చేసుకున్నా పాట నడుస్తుంది, అయితే ఒక్కోచోట ఒక్కో రంగు. బాఖ్ ఆ సంపుటికి పెట్టిన 'చక్కగా శ్రుతి చేసిన' అన్న పేరుకు సమశ్రుతి అని అర్థం కానక్కరలేదు. సమశ్రుతి అందరికీ సమానంగా పంచుతుంది. పంచమానికి రెండు సెంట్లే నష్టం, గాంధారానికి 14. నాకు వెర్క్‌మైస్టర్ నచ్చాడు. మా వాడికి నచ్చలేదు, అటూ ఇటూ కాదన్నాడు.

ప్రిల్యూడ్‌ను మామూలు శ్రుతిలో చివరిదాకా విని అమ్మ అడిగింది: "బాగుంది. దీనికి షడ్జం ఎక్కడ?"

"నడుస్తూ ఉంటుంది అమ్మమ్మా. చివర్లో ఇంటికి వస్తుంది."

"నడిచేది షడ్జం ఎలా అవుతుందిరా?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్లాను.

ఆ తర్వాత ప్రతి ఉదయం వాడు మెనూలోకి వెళ్లి గిస్ పెట్టడం, అమ్మ తంబుర సవరించుకోవడం. బయలుదేరే ముందు రోజు పాట మధ్యలో కరెంటు పోయింది. అమ్మ తంబురతో పాడుతూనే ఉంది. కరెంటు వచ్చాక వాడు పియానో వేసి అందుకున్నాడు. ఆ పెట్టె కరెంటు పోతే అన్నీ మరిచిపోయి సమశ్రుతికి వెళ్లిపోతుంది. ఆ సంగతి నాకు గుర్తు లేదు, సూట్‌కేసు తూకం చూసుకుంటున్నాను. వాడు గాంధారం దగ్గర చేయి తీసేశాడు.

"అమ్మా, పియానో గ పైకి వెళ్లిపోయింది" అన్నాడు, తెలుగులో.